కుడి నుంచి మొదటివాడు

కళాశాల వార్షిక సంచిక చరిత్ర రెండు పేజీల్లో రాసిమ్మని మా ప్రిన్సిపాల్ గారు నన్ను అడిగారు. ఇన్నేళ్ల సంచికలన్నీ బీరువాలోంచి దుమ్ము దులిపించి నా బల్ల మీద పెట్టించారు. "మీరు ఇక్కడే చదివారు, ఇక్కడే పాఠాలు చెప్తున్నారు, ఆ రోజుల్లో విద్యార్థి సంపాదకుడిగా కూడా చేశారట. మీకంటే ఎవరికి తెలుస్తుంది?" అన్నారు. నిజమే, నాకే తెలుసు. రెండు పేజీలూ బుద్ధిగా రాసిచ్చేశాను. సంచిక ఎలా మొదలైందో, సంపాదకులు ఎందరు మారారో, ఏ ఏడు అట్ట మీద ఏ బొమ్మ వేశారో అన్నీ రాశాను. అందులో రాయనిది ఇక్కడ రాస్తున్నాను. ఎవరి పేరూ పెట్టను. ఫోటోల కింద పేర్లు పెట్టించి ఒకసారి నేను చేసిన ఘనకార్యం చాలు.

ఆ రోజుల్లో మా సంచికకు రెండు మొదళ్లు ఉండేవి. తెలుగువాళ్లంతా ఒకే రాష్ట్రమై కొన్నేళ్లే అయింది. మా అన్నల తరం ఉర్దూలో చదువుకుంది. మేము ఉర్దూలో మొదలుపెట్టి తెలుగులోకీ ఇంగ్లీషులోకీ వచ్చి పడ్డాం. అందుకని సంచికను ఎడమ నుంచి తెరిస్తే ఇంగ్లీషు, తెలుగు. తిరగేసి కుడి నుంచి తెరిస్తే ఉర్దూ. రెండు అట్టలు, రెండు ముందుమాటలు, రెండింట్లోనూ అదే ప్రిన్సిపాల్ గారి అదే ఫోటో. ఈ రెండూ కలిసే నడిమి చోట నున్నటి కాగితం మీద గ్రూపు ఫోటోలు. ఎటు నుంచి చదువుకుంటూ వచ్చినవాడైనా అక్కడికి చేరాల్సిందే. మిగతా ఊళ్ల కాలేజీ పుస్తకాలు నేను చూశాను, అన్నీ ఒకవైపే తెరుచుకునేవి. మాది గొప్ప అని నాకు లోపల కాస్త టెక్కు ఉండేది.

గ్రూపు ఫోటో జనవరిలో తీసేవారు. అది బోధన్ వైపు చెరకు నరికే కాలం. అటు నుంచి వచ్చే పిల్లల్లో కొందరు ఆ నెలంతా కాలేజీ మొహం చూసేవారు కాదు. గ్రూపులో లేనివాళ్ల చిన్న ఫోటోలు తెప్పించి, పెద్ద ఫోటో కింద ఒక వరుసగా వేయడం ఆనవాయితీ. ఆ ఏడాదిలో ఎవరైనా చనిపోతే వాళ్ల ఫోటో కూడా అదే వరుసలో మొదట వేసి, చుట్టూ నల్లగీత పెట్టేవారు. నేను సంపాదకుడిగా ఉన్న ఏడు ఆ వరుసలో ఐదుగురు. మొదటివాడు నా బెంచీవాడు.

వాళ్లది బోధన్ దగ్గర చెరకు తోటల నడుమ చిన్న వాడ. తండ్రి లేడు. తల్లి చెరకు కోతకు పోయేది, ఆదివారాలు చర్చి ఊడ్చేది. వీడు రోజూ పొద్దుటి రైల్లో నిజామాబాద్ వచ్చేవాడు. సంచిలో పుస్తకాలతో పాటు నాలుగు చెరకు ముక్కలు ఉండేవి. ప్రయోగశాల వెనక నిలబడి నమిలేవాళ్లం. ఆదివారం చర్చిలో పాడిన పాటను సోమవారం క్లాసులో సన్నగా తీసి తిట్లు తినేవాడు. వాడితో పాటు నేనూ తినేవాణ్ణి. దసరా వెళ్లాక వాడికి కామెర్లు వచ్చాయి. ముందు పసరు మందు పోశారు, ముదిరాక ఆసుపత్రికి తీసుకుపోయారు. పదిహేను రోజుల్లో పోయాడు. మేం నలుగురం వెళ్లి మట్టి వేసి వచ్చాం.

క్రిస్మస్‌కు ముందు ఒక రోజు వాళ్లమ్మ కాలేజీకి వచ్చింది. వరండాలో గోడకు ఆనుకుని నిలబడి, వచ్చేపోయే ప్రతి పిల్లవాణ్ణీ నా గురించి అడిగిందట.

"మావోని పక్కన కూసునేది నువ్వేనా బిడ్డా?" అంది.

"నేనే అవ్వా."

"ఇంట్ల వాని ఫోటువ ఒక్కటి గుడ లేదు. మొన్నటిదాంక కండ్లు మూస్తె మొఖం అగుపడేది. ఇప్పుడు జరంత జరంత పోతున్నది. మొన్న ముక్కు ఎట్లుండెనో సోంచాయిస్తె యాదికి రాలే. కన్నదాన్ని, నాకే యాదికి రాకపోతె ఇంకెవలకొస్తది? కాలేజిల ఏమన్న ఉన్నదా అని వచ్చిన."

ఆ మాట విన్నాక నేను పరుగున ఆఫీసుకు పోయాను. కాలేజీలో చేరేటప్పుడు దరఖాస్తుకు అంటించిన ఫోటో ఒకటి ఉంటుంది. గుమాస్తా మంచివాడు, దరఖాస్తు వెతికి, తడిగుడ్డ అద్ది, ఆ బొటనవేలంత ఫోటోను చిరగకుండా ఊడదీసి ఇచ్చాడు. దాన్ని ఆమె అరచేతిలో పెట్టాను. ఆమె ఏడవలేదు. చూస్తూ కూర్చుంది. కాసేపటికి ఫోటోను కొంగులో కట్టుకోబోయింది.

అప్పుడు నాలోని సంపాదకుడు లేచాడు. "అవ్వా, గిది చానా చిన్నగున్నది. మా బుక్కుల పెద్దగ అచ్చేపిచ్చి తెచ్చిస్త. గిది గుడ మళ్ల నీకే ఇస్త" అన్నాను.

ఆమె ఒక్క క్షణం ఆగి, ఫోటో నా చేతికి ఇచ్చేసింది. చదువుకున్నవాణ్ణి కదా, నాకు తెలుసనుకుంది. ఆ రోజు ఆ ఫోటోను ఆమె కొంగులో ఉండనిచ్చి ఉంటే ఈ కథ అక్కడితో అయిపోయేది.

ఫోటో అచ్చు వేయాలంటే ముందు బ్లాకు చేయించాలి. మా ఊళ్లో ఆ పని లేదు. హైదరాబాదుకు పంపితే, చెక్క దిమ్మకు బిగించిన జింకు రేకు మీద బొమ్మ దింపి పంపేవారు. రేకు మీద మనిషి నల్లగా, కుడిఎడమలు తారుమారై ఉంటాడు, సొంతవాళ్లు చూసినా పోల్చుకోవడం కష్టం. ఐదుగురి ఫోటోలూ పంపాను. ఐదు బ్లాకులు తిరిగొచ్చాయి, ఫోటోలు నాలుగే వచ్చాయి. ఉత్తరం రాస్తే, అన్నీ పంపేశాం అని జవాబు వచ్చింది. వాడు ఫోటో దిగిన స్టూడియో కోసం బోధన్‌లో వెతికాను, అది మూతపడి ఏడాదైందట. సరే, బ్లాకు ఉంది కదా, పుస్తకం వస్తుంది కదా అని మనసుకు సర్దిచెప్పుకున్నాను.

బ్లాకుల వెనక పెన్సిలుతో ఒకటి నుంచి ఐదు దాకా అంకెలు వేశాను. ఒక కాగితం మీద అదే వరుసలో పేర్లు రాశాను. ఒకటో అంకె పోయినవాడిది. రెండూ ప్రెస్సులో ఇచ్చి, ఇంతకంటే పకడ్బందీగా ఎవడూ చేయలేడనుకున్నాను.

ప్రెస్సులో ఫోటోల పేజీ బిగించేది ఒక పెద్దాయన. జీవితమంతా ఉర్దూ పుస్తకాల మధ్య గడిపినవాడు. ఆయన చేతికి మొదటిది అంటే కుడివైపుదే. ఒకటో బ్లాకును కుడి చివర పెట్టి, అక్కడి నుంచి ఎడమకు ఐదు దాకా పేర్చుకుంటూ వెళ్లాడు. పేర్లు కూర్చింది తెలుగు కంపోజిటరు. అతను ఒకటో పేరును ఎడమ చివర పెట్టి కుడికి వెళ్లాడు. నల్లగీత కూడా ఎడమ చివరే బిగించాడు. ఎవరి లెక్కలో వాళ్లు ఒక్క తప్పూ చేయలేదు. నడిమివాడికి తప్ప మిగతా నలుగురికీ ఒకరి ముఖం కింద ఒకరి పేరు పడింది. పోయినవాడు బతికున్నవాడి పేరుతో కుడి చివర ఉన్నాడు. బతికున్న ఐదోవాడు నల్లగీత మధ్య ఎడమ చివర ఉన్నాడు.

ప్రూఫు చూడలేదా అని మీరు అడగవచ్చు. ఆ పేజీ ప్రూఫు తడి ఆరకముందే నా ముందు పెట్టారు. అదే సంచికలో నా కథ ఒకటి ఉంది. దాని ప్రూఫు తొమ్మిదోసారి చదువుకుంటున్నాను. ఫోటోల పేజీ మూలన, తల ఎత్తకుండా సంతకం చేశాను. ఆ కథ దేని గురించో ఇప్పుడు ఎవరికీ గుర్తు లేదు, నాతో సహా.

సంచికలు వచ్చిన రోజున నాకు కాళ్లు భూమ్మీద ఆనలేదు. కట్ట విప్పగానే ఒక ప్రతి తీసుకుని బోధన్ రైలెక్కాను. దారంతా నా కథే చదువుకున్నాను. ఆమె తోట నుంచి అప్పుడే వచ్చి, చెరకు ఆకు కోసుకుపోయిన చేతులు కడుక్కుంటోంది. పుస్తకం అందుకుని, తనే పేజీలు తిప్పింది. నడిమి కాగితం దగ్గర ఆగింది. వేలితో వరుస వెంట పోయి, కుడి చివర ఆగింది.

"గీడున్నడు" అంది. ఆమె ముఖం విప్పారింది. "నా కొడుకు గీడున్నడు."

నేను వంగి చూశాను. వాడే, కానీ కింద వేరేవాడి పేరు. ఆమెకు చదువు రాదు. ఆమె వేలు అప్పటికే ఎడమ చివరికి పోయింది, నల్లగీత మీద ఆగింది.

"గీ పిల్లగాని సుట్టు గిట్ల నల్లగ గీసిండ్రు, ఏంది బిడ్డా? పోయిండా?"

నేను తల ఊపాను. అది అవునని ఊపానో కాదని ఊపానో నాకే తెలియదు.

"పాపం" అంది. "అవ్వ ఉన్నదా ఆయనకు?"

"ఉన్నది."

"ఆమెకు గుడ గిట్లనే తీస్కపోయి ఇయ్యి బిడ్డా. సూస్కుంటది." పుస్తకం మూసి, గూట్లో బైబిలు కింద పెట్టి, నాకు చాయ్ పెట్టింది. తాగి వచ్చాను.

మూడో రోజు ఆ బతికున్నవాడి తండ్రి వచ్చాడు. కమ్మర్‌పల్లి వైపు పసుపు పండించే రైతు. తలపాగా తీసి చేతిలో పట్టుకుని, ప్రిన్సిపాల్ గారి గదిలో నిలబడే మాట్లాడాడు.

"బతికున్న పోరనికి నల్లగీత పెడ్తరా సారూ? ఇంట్ల ఆడిది మూడొద్దుల సంది ముద్ద ముడుతలేదు. వాడు తుమ్మితె ఉరికొచ్చి సూస్తున్నది. నేను లొల్లి చెయ్యనీకె రాలే. గా కాయితం ఒక్కటి గుడ ఈ భూమ్మీద ఉండొద్దు. గా రేకు నాకియ్యుండ్రి. గోదాట్ల ఏస్త."

ఆయన్ని తప్పుపట్టలేను, ఆ రోజూ పట్టలేదు. ప్రిన్సిపాల్ గారు చేతులు జోడించి క్షమించమన్నారు. ఆ ఒక్క కాగితం ప్రతి పుస్తకంలోంచీ చింపి కాల్చేయాలని, పంచిన ప్రతులన్నీ వెనక్కి తెప్పించాలని చెప్పారు. చింపే పని నాకు ఇచ్చారు, న్యాయమే. స్టాఫ్ రూములో కూర్చుని రెండు రోజులు చింపాను. పుస్తకం తెరవడం, నడిమి కాగితం పట్టుకోవడం, లాగడం. ఎడమ చివర నల్లగీత మధ్య ముఖం నా బొటనవేలి కిందే ఉండేది. మూడు వందల పైచిలుకు సార్లు దాన్ని చూశాను.

లెక్కకు ఒక ప్రతి తక్కువైంది. ఎక్కడుందో చెప్పాను. ప్రిన్సిపాల్ గారు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "అది కూడా తేవాలి. మనం ఆ తండ్రికి మాట ఇచ్చాం. ఆమెకు ఆ బ్లాకు ఒక్కటే పెట్టి మంచి కాగితం మీద విడిగా అచ్చు వేయించు. నా తరఫున ఇవ్వు" అన్నారు. దయగల మాటే అది. నాకూ సబబే అనిపించింది.

మళ్లీ బోధన్ వెళ్లాను. "అవ్వా, గిండ్ల తప్పు పడ్డది. గిది ఇయ్యి, కొడుకుది ఒక్కనిదే పెద్దగ అచ్చేపిచ్చి తెస్త" అన్నాను.

"తప్పా? మావోడు మంచిగనే ఉన్నడు గద" అంది. గూట్లోంచి తీసింది. ఇవ్వడానికి చేయి చాచి, వెనక్కి తీసుకుని, ఇంకోసారి చూసుకుంది. "తెస్తవు గద?"

"తెస్త."

రెండోసారి కొడుకును నా చేతిలో పెట్టింది. ఒక కత్తెర తీసి, ఆ కుడి మూల కత్తిరించి ఆమెకు వదిలేసి రావచ్చు. ఆ తండ్రికి కావలసింది ఎడమ మూల పోవడమే. ఇంత చిన్న ఆలోచన నాకు అప్పుడు రాలేదు. లెక్క సరిపోవాలన్న ధ్యాస తప్ప నాకు ఇంకేదీ లేదు. ఆ కాగితాన్ని తీసుకెళ్లి మిగతావాటితో పాటు కాలేజీ వెనక కాల్చేశాను.

మర్నాడు ప్రెస్సుకు పోయి, ఒకటో బ్లాకు పెట్టి ఒక్క బొమ్మ అచ్చు వేసిమ్మని అడిగాను. పెద్దాయన సొరుగు లాగి వెతికాడు. రెండు, మూడు, నాలుగు, ఐదు ఉన్నాయి. ఒకటి లేదు.

"నిన్న గాయన వచ్చి కొడుకు పేరు చెప్పి బ్లాకియ్యమన్నడు బేటా. నేను బిగిచ్చిన పేజీ ఇప్పి, గా పేరు మీద ఏ బొమ్మున్నదో గదే ఇచ్చిన. గలత్ అయిందా?"

పేజీలో ఆ పేరు మీద ఉన్న బొమ్మ పోయినవాడిది. ఆ తండ్రి గుడ్డలో చుట్టిచ్చిన రేకును విప్పి కూడా చూడలేదట. విప్పినా నల్లటి రేకులో ఎవరని పోల్చుకుంటాడు? సాయంత్రానికే గోదావరిలో వేసేశాడు. సొరుగులో మిగిలిన ఐదో బ్లాకు బతికున్నవాడిది. పెద్దాయన రెండు చేతులతో తల పట్టుకుని బల్ల మీద కూర్చుండిపోయాడు. ఆయన నాకంటే మంచివాడు. "చలో, నేను గుడ వస్త, అమ్మకు చెప్దాం" అన్నాడు.

నేను పోలేదు. పరీక్షలయ్యాక పోదామనుకున్నాను. పరీక్షలయ్యాక పై చదువుకు హైదరాబాదు పోయాను. సెలవుల్లో వచ్చినప్పుడల్లా బోధన్ రైలు చూస్తే ముఖం తిప్పుకునేవాణ్ణి. పెద్దాయన ఒక్కడే వెళ్లాడేమో కూడా నాకు తెలియదు, ఆయన పోయాక ఎవరినీ అడగలేదు. పిరికివాడికి సాకులు వాటంతటవే దొరుకుతాయి, వెతుక్కోనక్కర్లేదు.

నేను లెక్చరరుగా తిరిగొచ్చేసరికి సంచికలో ఉర్దూ పేజీలు పన్నెండుకు వచ్చాయి, తరువాత నాలుగుకు. ఒక ఏడు ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం, కాలేజీలు మూత, సంచికే లేదు. ఆ తరువాత వెనక అట్ట ఎత్తేశారు. ఉర్దూ రాసేవాళ్లు లేరని ఒకరు, కాగితం దొరకడం లేదని ఒకరు చెప్పారు. ఇప్పుడు మా సంచిక అందరిలాగే ఎడమ నుంచి ఒకవైపే తెరుచుకుంటుంది. మా పొరపాటు ఇక ఎవరూ చేయలేరు. అందుకు సంతోషించాలో లేదో నాకు తెలియదు.

పోయిన ఏడు పరీక్షల పని మీద నన్ను బోధన్ పంపారు. మూడు రోజులు ఊళ్లోనే ఉండి తప్పించుకోలేకపోయాను. ఆ వాడకు నడిచాను. ఆమె ఉంది. వంగిపోయింది, కళ్లకు పొర కమ్మింది. నేనెవరో చెప్తే గుర్తుపట్టింది. నులకమంచం వాల్చి కూర్చోమంది. నేను కూర్చోకుండానే అంతా చెప్పాను. కుడి ఎడమలు, కాల్చిన కాగితం, గోదావరి, నేను రాకపోవడం. ఏదీ దాచలేదు.

ఆమె మంచం పట్టె మీద తట్టి నన్ను కూర్చోబెట్టింది. తరువాత, "పోనియ్ బిడ్డా. ఇప్పుడు అది ఉన్నా నా కండ్లకు ఆనది" అంది. నా వైపు జరిగింది. "నువ్వు వాని పక్కన కూసున్నవ్. పడుసు కండ్లు నీయి. నీకు యాదికుంటడు. సెప్పు, ఎట్లుంటుండె?"

నాకు గుండె తేలికైంది. ఇదొక్కటి ఇవ్వగలను అనుకున్నాను. కళ్లు మూసుకోగానే ముఖం తేటగా కనిపించింది. చెప్పడం మొదలుపెట్టాను. పలచటి బుగ్గలు. ఒక పక్కకు దువ్విన ఒత్తు జుట్టు. కొంచెం దగ్గరగా ఉన్న కనుబొమలు. ఆమె ఊ కొడుతూ, చేతిని గాలిలో మెల్లగా కదుపుతూ వింటోంది. పెదవులు నవ్వుతున్నాయి.

"గడ్డం మీద పుట్టుమచ్చ, కుడి దిక్కు" అన్నాను.

ఆమె చేయి ఆగింది.

"మచ్చనా?"

"అవునవ్వా, చిన్నది."

"మావోనికి మచ్చ లేదు బిడ్డా."

నేను కళ్లు గట్టిగా మూసుకుని మళ్లీ వెతికాను. అదే ముఖం వచ్చింది, అదే మచ్చతో. చుట్టూ నల్లగీత. అది కమ్మర్‌పల్లి రైతు కొడుకు ముఖం. రెండేళ్లు నా పక్కన కూర్చుని చెరకు పంచుకున్నవాణ్ణి ఎంత పిలిచినా ఈ ముఖమే వస్తోంది. ఇన్నేళ్లూ వాణ్ణి తలుచుకుని బాధపడ్డానని అనుకున్న ప్రతిసారీ నేను చూసింది ఇతన్నే.

ఆమె తడుముకుని నా చేయి పట్టుకుంది. తప్పు నాది కాదు, తనదే అన్నట్టు మెల్లగా అడిగింది.

"పోనీ, ముక్కన్న సెప్పు బిడ్డా."

నేను ఆమె చేతిని అలాగే పట్టుకుని కూర్చున్నాను.